ఇన్ని కాలువలున్న కోనసీమలో సాలమాండర్ ఎందుకు లేదు?

వానలు పడ్డ మొదటి వారంలో, రాజోలు వైపు ఉండే మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. కొబ్బరి డొక్కల కుప్ప తిరగేస్తుంటే కనపడిందట. జానెడు పొడవు, గోధుమరంగు ఒళ్లు, నూనె రాసినట్టు నిగనిగ, నాలుగు పొట్టి కాళ్లు, పొడుగాటి తోక. కింద మెసేజ్: "మావయ్యా, ఇది సాలమాండరంట. హిమాలయాల్లో తప్ప ఎక్కడా ఉండదంట. కోట్లు పలుకుద్దంట. నిజమేనా?"

ఒక్క మెసేజ్‌లో మూడు 'అంట'లు. అందులో మధ్యది ఒక్కటే నిజానికి కాస్త దగ్గరగా ఉంది. కోట్ల మాట మనకు కొత్త కాదు. రెండు తలల పాము పేరు చెప్పి ఎంతమందిని ముంచారో, ఎంతమంది కేసుల్లో ఇరుక్కున్నారో చూశాం. ఆ సంగతి వదిలేద్దాం. వాడి ప్రశ్నలో అసలు తిరకాసు వేరే ఉంది: చుట్టూ ఇంత నీరు, ఇంత పచ్చదనం ఉన్న డెల్టాలో నీటిని నమ్ముకుని బతికే, కప్పకు చుట్టమైన ఆ జంతువు ఎందుకు లేదు?

ఫోటోలో ఉన్నది ఏమిటి

నలికిరి. నలికిరి పాము అని కూడా అంటాం. అది పామూ కాదు, విషమూ లేదు. బల్లి జాతిది. ఒంటి మీద సన్నటి పొలుసులు నున్నగా పేర్చినట్టుంటాయి కాబట్టి తడిసినట్టు మెరుస్తుంది. ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది.

సాలమాండర్‌కు పొలుసులుండవు. చర్మం మెత్తగా, చెమ్మగా, కప్ప చర్మంలా ఉంటుంది. గోళ్లుండవు. చెవి రంధ్రం పైకి కనిపించదు. ముందుకాలికి సాధారణంగా నాలుగే వేళ్లు, బల్లికైతే ఐదు. మావాడి ఫోటోను పెద్దది చేసి చూస్తే వేలివేలికీ గోరు స్పష్టంగా ఉంది. అక్కడితో కేసు ముగిసింది.

కోరంగి మడ అడవుల్లో, ఆటు పోయాక బురద మీద పాకుతూ గెంతే చిన్న జీవాలను చూసి కూడా కొందరు ఇదే మాట అంటారు. అవి చేపలు. ముందు రెక్కలనే చేతుల్లా ఊని నడుస్తాయి. నీళ్లలోనూ నేల మీదా తిరిగేదల్లా ఉభయచరమని బడిలో ఒంటి మాటలో నేర్చుకోవడం వల్ల వచ్చిన చిక్కిది.

తోక రాలని కప్ప

తోకకప్పను చూడనివాళ్లు మన వైపు ఉండరు. వరిచేలో నీరు పెట్టిన పది రోజులకు నల్లటి తలలు, ఊగే తోకలు. ముందు మొప్పలతో గాలి పీలుస్తాయి, తర్వాత కాళ్లు వస్తాయి, ఊపిరితిత్తులు వస్తాయి, చివరికి తోక కరిగిపోయి కప్ప గట్టెక్కుతుంది.

సాలమాండర్ ఆ దారినే నడుస్తుంది, తోక మాత్రం వదలదు. గుడ్డు, మొప్పలున్న పిల్ల, కాళ్లొచ్చిన పెద్దది: వరస అదే. అందుకే శాస్త్రం దాన్ని బల్లి పక్కన కాకుండా కప్ప పక్కన కూర్చోబెట్టింది. ఉభయచరాల్లో మూడు శాఖలున్నాయి. కప్పలు ఒకటి, తోక ఉన్న సాలమాండర్లు (న్యూట్లు అనేవీ ఇందులోవే) రెండోది, కాళ్లే లేకుండా వానపాముల్లా మట్టిలో బతికే సిసీలియన్లు మూడోది. కప్పల్లో ఏడు వేల పైచిలుకు రకాలుంటే సాలమాండర్లలో ఎనిమిది వందల చిల్లర. అందులోనూ ఎక్కువ భాగం ఉత్తర, మధ్య అమెరికాల్లోనే.

దీనికి ఇళ్లలో వాడే తెలుగు పేరు ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు. చూడని జంతువుకు పేరెవరు పెడతారు! యూరప్ వాళ్లు మాత్రం అది నిప్పును ఆర్పేస్తుందని వందల ఏళ్లు నమ్మారు. చలికాలం పుచ్చు దుంగల్లో దాక్కున్నది, దుంగను పొయ్యిలో పెట్టగానే బయటికి పరుగెత్తేది. అంతే, కథ పుట్టింది.

మన దేశంలో అది ఉన్న చోటు

భారతదేశంలో సాలమాండర్ కావాలంటే తూర్పు హిమాలయాలకో, ఈశాన్య రాష్ట్రాల కొండలకో వెళ్లాలి. అందరికన్నా పేరున్నది డార్జిలింగ్ కొండల్లోనూ, పక్కనే నేపాల్‌లోని ఇలాం జిల్లాలోనూ ఉండేది. ముదురు గోధుమరంగు, వెడల్పాటి తల, వీపుకు రెండు పక్కలా వరసగా బుడిపెలు. ఆ బుడిపెల వల్లే ఇలాంటివాటిని మొసలి న్యూట్లు అంటారు. బుడిపెల్లో చేదు స్రావం ఉంటుంది, నోట పెట్టిన జంతువు మళ్లీ ముట్టదు.

దాని ఏడాది ఇలా గడుస్తుంది. చలికాలమంతా రాళ్ల కింద, దుంగల కింద, వేళ్ల సందుల్లో కదలకుండా పడుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తొలి వానలు పడగానే లేచి, లోతు లేని చెరువులకు, ఊట గుంటలకు చేరుతుంది. నీటి మొక్కలకు గుడ్లు అంటిస్తుంది. పిల్లలు వానాకాలమంతా దోమ పిల్లల్ని, నీటి పురుగుల్ని తిని పెరిగి, మొప్పలు రాల్చుకుని గట్టెక్కుతాయి. అంటే దాని బతుకు రెండు ముక్కలు. కొన్ని నెలలు చెరువు, మిగతా ఏడాది ఆ చెరువు చుట్టూ ఉన్న తడి నేల, ఆకు చెత్త, అడవి. ఈ 'రెండు ముక్కలు' అన్న మాట గుర్తుంచుకోండి, ముందు అవసరమవుతుంది.

దీని కోసమే డార్జిలింగ్ జిల్లాలో 1985లో జోర్‌పోఖ్రీ అభయారణ్యం ఏర్పాటు చేశారు. సముద్రమట్టానికి సుమారు 2,250 మీటర్ల ఎత్తులో ఉంది. విస్తీర్ణం ఎంతనుకుంటున్నారు? నాలుగు హెక్టార్లు. మన లెక్కలో పది ఎకరాలు. భీమవరం పక్కన ఒక మోస్తరు చేపల చెరువంత! మన కోరంగి అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు. దానిలో ఒక మూలకు కూడా రాదు.

నీళ్లుంటే సరిపోదా?

డెల్టా మనిషికి ఇది మింగుడు పడని సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి మనకు నీరంటే ప్రాణం, నీరుంటే అన్నీ ఉన్నట్టే. సాలమాండర్‌కు నీటితో పాటు చల్లదనం కూడా కావాలి.

లెక్క వేసి చూద్దాం. కొండ ఎక్కుతుంటే ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి. మే నెలలో అమలాపురంలో మధ్యాహ్నం 37 డిగ్రీలు అనుకుందాం. అమలాపురాన్ని ఊరికే ఎత్తి 2,250 మీటర్ల మీద పెడితే దాదాపు 14, 15 డిగ్రీలు తగ్గి 22 దగ్గర ఆగుతుంది. డార్జిలింగ్ ఇంకా ఉత్తరాన ఉంది, మబ్బులు ఎక్కువ, కాబట్టి అక్కడ మరింత చల్లన.

ఆ పదిహేను డిగ్రీలతో ఏం తేడా వస్తుందో మన ఆక్వా రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 15 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు పడుతుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరే. అదే సమయంలో చల్లని నెత్తురున్న జంతువుకు వేడి పెరిగితే ఒంట్లో పని పెరుగుతుంది. ప్రతి పది డిగ్రీలకు ఆక్సిజన్ అవసరం రెట్టింపు అనుకుంటే, పదిహేను డిగ్రీలకు దాదాపు 2.8 రెట్లు. ఇటు రాబడి పావు వంతు తగ్గింది, అటు ఖర్చు దాదాపు మూడింతలైంది. తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోయి రొయ్య పైకి తేలితే రైతు ఏరేటర్ వేయడానికి పరుగెత్తేది ఇందుకే. సాలమాండర్ పిల్లకు ఏరేటర్ వేసేవాడు లేడు.

పెద్దదానికి ఊపిరితిత్తులున్నా చర్మంతో కూడా గాలి పీల్చుకుంటుంది, దానికి చర్మం ఎప్పుడూ తడిగా ఉండాలి. మన దగ్గర వేసవిలో కాలువలు కట్టేస్తారు. నేల బీటలిస్తుంది. బోదురు కప్ప దీనికో ఉపాయం కనిపెట్టింది, మట్టిలోకి దిగిపోయి తొలకరి దాకా నిద్రపోతుంది. సాలమాండర్ కూడా దాక్కుంటుంది కానీ దాక్కునేది చలి నుంచి. మన మే నెల అది దాక్కునే ఋతువు కాదు.

ఇక ఉప్పు. మాగాయ పెట్టేటప్పుడు ముక్కలకు ఉప్పు పట్టిస్తే మర్నాటికి ఊట దిగుతుంది కదా. ముక్కలోని నీటిని బయటి ఉప్పు లాగేసింది. పలచటి చర్మమున్న ఉభయచరం ఉప్పు నీటిలో పడితే దానికీ అదే గతి. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పుంటే, కప్పల, సాలమాండర్ల ఒంట్లోని ద్రవం ఉప్పదనం అందులో పావు వంతు దగ్గర. ఆక్వా భాషలో ఎనిమిది పీపీటీ, అంటే లీటరుకు ఎనిమిది గ్రాములు అనుకోండి. అంతకు మించిన ఉప్పదనం ఉన్న చెరువు వెనామీ రొయ్యకు హాయి, కప్పకు మాగాయ జాడీ. అంతర్వేది, భైరవపాలెం పక్క పరిస్థితి ఇదీ. ఐతే ఉప్పు మీదే నెపం వేయడం కుదరదు. రావులపాలెం, ఆలమూరు పక్క నేలలు తియ్యనివే. అక్కడా సాలమాండర్ లేదు.

వేడే కారణమైతే అమెజాన్ మాటేమిటి?

ఇక్కడిదాకా చదివి 'సరే, వేడి పడదు, అందుకే లేదు' అని పుస్తకం మూసేయొచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ దక్షిణ అమెరికాలో అమెజాన్ అడవుల్లో, ఎత్తు లేని వేడి నేలల్లో సాలమాండర్లు ఉన్నాయి! ఊపిరితిత్తులే లేని రకాలవి, చర్మంతోనే బతుకుతాయి. నీటిలో గుడ్లు పెట్టే పని కూడా మానేశాయి. తడి ఆకుల మధ్య పెట్టిన గుడ్డులోంచి నేరుగా బుల్లి సాలమాండరే బయటికొస్తుంది.

కాబట్టి వేడి ఒక్కటే సమాధానం కాదు. రెండో సమాధానం చరిత్రలో ఉంది, అదీ కోట్ల ఏళ్ల చరిత్ర. సాలమాండర్లు ఉత్తర ఖండాల్లో పుట్టి పెరిగిన వంశం. మన భూభాగం ఒకప్పుడు ఆఫ్రికా, మడగాస్కర్, ఆస్ట్రేలియాలతో అతుక్కుని దక్షిణాన ఉండేది. అక్కడి నుంచి విడిపోయి, పడవలా ఉత్తరానికి కొట్టుకొచ్చి, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను గుద్దుకుంది. ఆ గుద్దుకే హిమాలయాలు లేచాయి. మనం తెచ్చుకున్న సామానులో కప్పలున్నాయి, సిసీలియన్లున్నాయి, సాలమాండర్లు లేవు. అవి అవతలి గట్టు వాళ్లవి. తూర్పు మూల నుంచి కొండలు పట్టుకుని కొంత దూరం వచ్చి ఆగాయి.

మరి 5 కోట్ల ఏళ్లలో కిందికి దిగలేదేం? ఇక్కడ పండితుల మధ్య అభిప్రాయ భేదం ఉంది. దారి లేదనేది ఒక వాదన. హిమాలయానికి, దక్షిణాది కొండలకు మధ్య గంగా మైదానం ఉంది, ఆ వేడి పలకను దాటడం ఈ జాతి వల్ల కాదు. దారి ఒకప్పుడు ఉండి ఉండొచ్చనేది ఇంకో వాదన. భారత జంతుశాస్త్ర సర్వే డైరెక్టరుగా పనిచేసిన సుందర్‌లాల్ హోరా, హిమాలయాల కొండవాగు చేపల పోలికలున్నవి పశ్చిమ కనుమల్లో కనిపిస్తున్నాయని, చల్లని యుగాల్లో అవి వింధ్య, సాత్పురా కొండల మీదుగా వచ్చి ఉంటాయని ప్రతిపాదించారు. చేపలు వచ్చిన దారిన సాలమాండర్ ఎందుకు రాలేదు? తర్వాతి డీఎన్ఏ పరిశోధనలు హోరా చూపిన పోలికల్లో కొన్నింటిని సడలించాయి కాబట్టి ఆ దారి ఎంత పెద్దదో తేలలేదు. నాకైతే ఇవి రెండూ ఒకదానికొకటి అడ్డం కాదనిపిస్తుంది. చరిత్ర దాన్ని ఉత్తరాన దించింది, వేడి అక్కడే కట్టేసింది.

మూడో శాఖ సిసీలియన్ మాత్రం మనకు ఎంతో దూరం కాదు. ఆంధ్ర, ఒడిశాల తూర్పు కనుమల్లో, వెయ్యి మీటర్లు దాటిన ఎత్తుల్లో దొరికిన ఒక రకానికి శాస్త్రవేత్తలు 2013లో గెగెనియోఫిస్ ఓరియెంటాలిస్ అని పేరు పెట్టారు. చూస్తే లావుపాటి వానపాము అనుకుని గునపంతో పక్కకు తోసేస్తాం. వాట్సాప్‌లో దాని ఫోటో ఎవరూ పంపలేదు, కోట్లు పలకదు కాబోలు.

అరుదు అంటే లెక్కలో తక్కువనా?

వార్తల్లో 'అరుదైన' అన్న మాట ఉప్పులా వాడేస్తారు. వానాకాలం డార్జిలింగ్‌లో సరైన గుంట దగ్గర నిలబడితే ఈ సాలమాండర్లు ఒకటి కాదు, చాలా కనపడొచ్చు. అదే జనవరిలో వెళ్తే ఒక్కటీ కనపడదు. మరి అరుదెలా? అలాంటి గుంటలు తక్కువ, ఉన్నవి ఒకదానికొకటి దూరం. ఒక గుంట పూడ్చి భవనం కడితే దాన్నే నమ్ముకున్న గుంపు మొత్తం పోతుంది. కొత్త చెరువు వెతుక్కుంటూ కిలోమీటర్లు నడిచే జంతువు కాదది.

దీనికి తోడు పేరు గొడవ ఒకటుంది. 1871లో జంతుశాస్త్రవేత్త జాన్ ఆండర్సన్ చైనాలోని యునాన్ నుంచి ఒక సాలమాండర్‌ను వర్ణించి టైలోటోట్రైటన్ వెరుకోసస్ అన్నారు. డార్జిలింగ్‌దీ అదేనని వందేళ్లకు పైగా అందరూ రాశారు. 2015లో నేపాల్, చైనా, భారత పరిశోధకుల బృందం ఒకటి, తూర్పు నేపాల్, డార్జిలింగ్ వైపు ఉన్నది వేరే జాతి అని, దానికి టైలోటోట్రైటన్ హిమాలయానస్ అని పేరు పెట్టింది. ఆ బృందంలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన కార్తికేయన్ వాసుదేవన్ కూడా ఉన్నారు.

పేరు మారితే జంతువుకేం ఒరిగింది? ఊహకు ఒక లెక్క: ఒక జాతికి వంద చెరువులున్నాయి, అందులో డెబ్భై పొరుగు దేశాల్లో, ముప్ఫై ఇక్కడ. ఇక్కడివి పది పోతే 'వందలో పదే కదా' అంటాం. ఇక్కడిది వేరే జాతని తేలిన రోజున అవే పది, ముప్ఫైలో పది అవుతాయి. చెరువూ అదే, జంతువూ అదే, మనకు పుట్టే కంగారు వేరు. ప్రాంతానికో పేరు పెట్టుకుంటూ పోతే జాతుల సంఖ్య ఉత్తినే ఉబ్బుతుందని, చట్టాల జాబితాల్లో పాత పేర్లుండి కొత్తవి గాల్లో వేలాడతాయని అభ్యంతరం చెప్పేవాళ్లూ ఉన్నారు. కొట్టిపారేసే మాట కాదు. మన 1972 వన్యప్రాణి రక్షణ చట్టం జాబితాలో చాలాకాలం ఉన్నదీ పాత పేరే. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందంలో మాత్రం 2019లో ఈ ప్రజాతిని, అంటే టైలోటోట్రైటన్ అన్న పేరున్న జాతులన్నిటినీ, మొత్తంగా చేర్చారు. ప్రజాతి పేరుతో చేర్చితే లోపల ఎన్ని ముక్కలైనా ఇబ్బంది రాదు.

చెరువును కాపాడాలా, గట్టునా, తొట్టెలోనా?

ఇందాక గుర్తుంచుకోమన్న రెండు ముక్కల సంగతి ఇక్కడికే. పదెకరాల అభయారణ్యం చాలనేవాళ్లు చెప్పేది: పిల్లలు పుట్టే చోటు భద్రంగా ఉంటే వంశం నిలుస్తుంది, చిన్న చోటు కాబట్టి కాపలా సులువు. చాలదనేవాళ్లు చెప్పేది: ఏడాదిలో ఎక్కువ నెలలు అది గట్టు మీదే ఉంటుంది, చుట్టూ సిమెంటు పరిచి మధ్యలో చెరువు ఉంచితే అది సాలమాండర్‌కు ఇల్లు కాదు, పర్యాటకులకు ఫోటో. అందం కోసం వదిలిన చేపలు దాని గుడ్లను, పిల్లలను తినేయడం ఇంకో పెద్ద బెడద. చెరువులో చేపలు వదలడం పుణ్యమనుకునే మన వైపు వాళ్లకు ఇది వింతగా అనిపిస్తుంది.

మూడో దారి తొట్టెలో పెంచడం. అక్వేరియం షాపుల వీడియోల్లో కనిపించే గులాబీ రంగు ఆక్సోలోటల్ కూడా సాలమాండరే. పెద్దదైనా మొప్పలు వదలకుండా నీళ్లలోనే ఉండిపోయే రకం. దాని సొంత ఊరు మెక్సికో నగరం అంచున ఉన్న సోచిమిల్కో. కాలువలు, కాలువల మధ్య మట్టి పోసి ఎత్తు చేసిన పంట గట్లు, పడవల మీద కూరగాయలు. ఫోటో చూస్తే కోనసీమే అనుకుంటాం. తేడా ఒక్కటే, అదీ 2,200 మీటర్ల పైన ఉంది. జోర్‌పోఖ్రీ అంత ఎత్తు!

1860లలో పారిస్‌కు తీసుకెళ్లినప్పటి నుంచి ఆక్సోలోటల్‌ను ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెంచుతున్నారు. తెగిన కాలు మళ్లీ మొలిపించుకుంటుంది కాబట్టి శాస్త్రవేత్తలకు అదంటే మోజు. తొట్టెల్లో లక్షలున్నాయి. సోచిమిల్కో కాలువల్లో 1998 సర్వేలో చదరపు కిలోమీటరుకు సుమారు 6,000 ఉంటే, 2014 నాటికి 36. మురుగు నీరు ఒక కారణం, జనం తిండికని వదిలిన కార్ప్, తిలాపియా చేపలు ఇంకో కారణం. జంతువు పోలేదు, దాని ఊరు పోయింది. తొట్టెలో మిగలడం కూడా మిగలడమేనని కొందరంటారు, విత్తనం ఉంటే ఎప్పుడో ఒకప్పుడు నాటుకోవచ్చని. తరతరాలుగా తొట్టెలో పెరిగినవాటిని తిరిగి కాలువలో వదిలితే బతుకుతాయో లేదో, రోగాలు అంటిస్తాయేమోనని ఇంకొందరి భయం. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడి రైతులతో కలిసి, కొన్ని కాలువలకు జల్లెడ అడ్డాలు కట్టి, పెద్ద చేపలు రాకుండా చేసి, మందులు కొట్టని గట్ల మధ్య ఆక్సోలోటల్‌కు చోటు చూస్తున్నారు.

ఇదంతా రెండు రోజుల పాటు వాయిస్ మెసేజ్‌లుగా మావాడికి చెప్పాను. విన్నాడో, వేగం పెంచి విన్నాడో! నలికిరిని డొక్కల్లోకి వదిలేశానన్నాడు. కాసేపాగి ఇంకో మెసేజ్: "పోనీ మావయ్యా, ఆ ఆక్సోలోటల్ ఒకటి కొనుక్కుని పెంచనా?"

దానికి ముందు కాగితాల పని ఉంటుందని, సైట్స్ జాబితాలో ఉన్న జంతువని చెప్పాను. నీళ్లు ఏడాది పొడుగునా 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలని, మే నెలలో తొట్టెకు నీళ్లు చల్లబరిచే చిల్లర్ తిప్పుతూనే ఉండాలని, కరెంటు పోతే నీదే బాధ్యతని చెప్పాను.

"ఇంట్లో మాకే ఏసీ లేదండీ బాబూ" అన్నాడు.